వాసన పోయిందని చెప్పేదెవరు?

(భీమవరానికి దగ్గర్లో ఒక ఊరి గ్రంథాలయంలో రిటైర్డ్ గైనకాలజిస్టు ఒకరు చేసిన ప్రసంగం. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, డిగ్రీ విద్యార్థినులు, ఊళ్లోవాళ్లు కొందరు విన్నారు. రికార్డు చేసిన మాటలనే రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందామ్మా? ఆ మూల ఫ్యాను ఆపేయండి, నాకన్నా అదే ఎక్కువ మాట్లాడుతోంది.

బయట బోర్డు మీద "స్త్రీల ఆరోగ్యం" అని రాశారు, చూశారా? నేను రాయమన్నది అది కాదు. "యోని వాసన, దాన్ని కడిగే పరికరాలు, వాటిని పరీక్షించే పద్ధతి" అని చెప్పాను. సుద్దముక్క పట్టుకున్న కుర్రాడు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడట. అతన్నేమీ అనను. డాక్టరునై ఉండి నేనే మొదటి పదేళ్లు "కింద" అనే అనేదాన్ని. వచ్చినావిడ "కింద" అనేది, నేనూ "కింద" అనేదాన్ని, ఇద్దరం నేలకేసి చూస్తూ మాట్లాడుకునేవాళ్లం. ఈ గంటసేపు మాత్రం పేరు పెట్టే మాట్లాడతాను.

ఈ విషయం ఎందుకెత్తుకున్నానంటే, మా పక్కింటమ్మాయి ఒకతి ఫోన్ తెచ్చి చూపించింది. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మెత్తటి సీసా, దానికో పొడుగాటి గొట్టం. నీళ్లు నింపి లోపల కడుక్కోవడానికి. దీన్ని డూష్ అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకి స్నానాల గదిలో జల్లు అని అర్థం. కింద రెండు ముక్కలు రాసి ఉన్నాయి: "ఇన్‌ఫెక్షన్ వల్ల కాని వాసనకి", "క్లినికల్‌గా పరీక్షించినది". "ఇది పనిచేస్తుందా పెద్దమ్మా?" అంది. "ఏ పని?" అన్నాను. నా ప్రసంగం మొత్తం ఆ రెండు ముక్కల గురించే. రెండోది చూడగానే మనకి ధైర్యం వస్తుంది. నన్నడిగితే మొదటిదాన్ని రుజువు చేయడమే ఎక్కువ కష్టం.

వెనక కుర్చీల్లో మగవాళ్లు నలుగురైదుగురున్నారు. రొయ్యల చెరువులవాళ్లేగా? చెరువు నీళ్ల పీహెచ్ ఎంత ఉండాలండి?

("ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర!" అని వెనక నుంచి జవాబు.)

ఆయ్. అడగడం ఆలస్యం, చెప్పేశారు. మరి మీ ఇంట్లో ఆడవాళ్ల యోనిలో పీహెచ్ ఎంత ఉండాలి? (నవ్వులు.) నవ్వకండి, నెలసరి వచ్చే వయసులో అది 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. పీహెచ్ ఏడుకి తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. అంటే ఇది పులుపు. పుల్ల పెరుగుకి దగ్గర. ఆ పులుపు తయారుచేసేది కూడా పెరుగులో ఉండేవాటి చుట్టాలే, లాక్టోబాసిల్లస్ అనే సూక్ష్మజీవులు. ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్నంతకాలం యోని గోడల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. అందులోంచి వచ్చే చక్కెరలే వీటికి తిండి, తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆల్బర్ట్ డోడెర్‌లైన్ అనే జర్మన్ డాక్టరు 1892లోనే వీటిని గుర్తించి రాశాడు. ఆ పులుపులో చెడ్డవి తేలిగ్గా తలెత్తలేవు.

అందుకని కాస్త పుల్లటి వాసన, చెమట వాసన, నెలసరి అయ్యాక ఒకటి రెండు రోజులు ఇనుములాంటి వాసన ఉండడం మామూలే. మల్లెపూల వాసన రావాలని ఎక్కడా లేదు. వస్తే నాకు కంగారు.

చెరువు మాట ఊరికే తేలేదు. వనామి రొయ్య వేసిన రైతుకి ఒకటి తెలుసు. రంగు బాలేదని రోజూ నీళ్లు మారుస్తూ పోతే చెరువు బాగుపడదు, నీళ్లలో తేలే చిన్న జీవులు, ప్లాంక్టన్ అంటారే, అవి దెబ్బతింటాయి, పీహెచ్ ఊగిసలాడుతుంది. అప్పుడు బెల్లం కలిపిన ప్రోబయోటిక్ చల్లుకుంటూ కూర్చోవాలి. లోపల కడుక్కోవడంలోనూ ఆ భయమే ఉంది. పోలిక మాత్రం అంతవరకే. చెరువులోకి నీళ్లు మనం పెట్టాలి. యోని తన స్రావం తానే తయారుచేసుకుని, తనని తానే బయటికి కడుక్కుంటుంది. రోజూ కొంచెం తెల్లగానో, జిగురుగానో బట్టకి అంటేది అదే. దురద, మంట, చెడు వాసన లేకపోతే ఆ తెల్లబట్ట జబ్బు కాదు. ఎన్ని వందలమందికి చెప్పుంటానో ఈ మాట.

ఇప్పుడు వంటింట్లోకి రండి. చందువా తెచ్చారనుకోండి, ఎలా కడుగుతారు? ఉప్పు, పసుపు వేసి, చింతపండు పులుసుతోనో నిమ్మకాయతోనో పాముతారు, నీసు పోవాలని. ఎందుకు పోతుంది? సముద్రపు చేప ఒంట్లో ఉండే ఒక పదార్థాన్ని, చేప చచ్చాక బ్యాక్టీరియా ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. నీసు వాసన దానిదే. చెరువులో పెరిగిన శీలావతిలో ఆ పదార్థం తక్కువ, అందుకే దానికి బురద వాసనేగానీ ఆ నీసు అంతగా ఉండదు. ఇలాంటివాటిని అమీన్‌లంటారు. అమీన్ క్షారం. పులుపు తగిలితే లవణమైపోతుంది. లవణం గాలిలోకి లేవదు కాబట్టి ముక్కుకి తెలియదు.

బ్యాక్టీరియల్ వేజినోసిస్ అని ఒక స్థితి ఉంది. మంచి లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, ఆక్సిజన్ అక్కర్లేని రకరకాల సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. ఆడవాళ్లు వచ్చి "చేపల వాసనమ్మా" అంటారు. ఉపమానం చెప్తున్నారనుకునేదాన్ని డాక్టరైన కొత్తలో. ఉపమానం కాదు, అక్కడా ట్రైమిథైలమీనే. ఇక మిగతాదంతా మీ వంటింటి లెక్కే. పులుపు తగిలితే వాసన అణుగుతుంది, క్షారం తగిలితే లేస్తుంది. సబ్బు క్షారం. వీర్యం క్షారం వైపు ఉంటుంది. రక్తం పీహెచ్ 7.4. అందుకే "కలిశాక వాసన ఎక్కువవుతోంది", "బయటున్నప్పుడు ఎక్కువ" అంటారు. ల్యాబ్‌లో మేం చేసే పరీక్షా అదే. స్రావం మీద పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి వాసన చూస్తాం. గుప్పుమంటే పాజిటివ్.

ఇక్కడొక మెలిక పట్టుకోండి. వినెగర్ కలిపిన డూష్ వాడి అరగంట తర్వాత వాసన చూస్తే తగ్గి తీరుతుంది. చింతపండు రాసిన చేపకి తగ్గినట్టే. అమీన్ తయారుచేసేవి లోపల అలాగే ఉంటాయి. కాబట్టి కడిగిన అరగంటకి కొలిచి "పనిచేసింది" అని రాసిన పరీక్షని నేను పరీక్ష అనను. మర్నాడు కొలవాలి. వారానికి కొలవాలి. మానేశాక కొలవాలి.

సరే, "ఇన్‌ఫెక్షన్ వల్ల కాని" అనే మాటకి వద్దాం. వాసన ఉంది, ఇన్‌ఫెక్షన్ లేదు అని ఎవరు చెప్పాలి? డబ్బా మీద రాసినవాళ్లా, కొనుక్కున్న పిల్లా?

వేజినోసిస్ అన్న పేరు పెట్టడంలోనే తిరకాసుంది. అక్కడ వాపు, ఎరుపు పెద్దగా ఉండవు కాబట్టి "వేజినైటిస్" అనలేదు. ఉండాల్సినవాళ్లు తగ్గి ఉండకూడనివాళ్లు పెరగడమే తప్ప, బయటి నుంచి ఒక క్రిమి వచ్చి పడిన ఇన్‌ఫెక్షన్ అనలేం. సరిగ్గా ఆ సందులోంచే అమ్మకందారు దూరగలడు. "మేం ఇన్‌ఫెక్షన్‌కి కాదండీ, వాసనకి మాత్రమే" అంటాడు. మాట ప్రకారం అబద్ధం కాకపోవచ్చు. కానీ ప్రపంచం మొత్తం మీద పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో 23 నుంచి 29 శాతం మందికి ఈ వేజినోసిస్ ఉంటుందని అంచనా. వాళ్లలో చాలామందికి లక్షణాలే తెలియవు. అలాంటప్పుడు "నీకు ఇన్‌ఫెక్షన్ ఉందా తల్లీ?" అని నోటితో అడిగి పరీక్షలో చేర్చుకుంటే, ఎవర్ని చేర్చుకున్నట్టు?

పద్ధతి లేకపోలేదు. 1983లో ఆమ్‌సెల్ అనే ఆయన, తోటి డాక్టర్లు కలిసి నాలుగు గుర్తులు పెట్టారు: పల్చగా బూడిద రంగులో ఒకేలా ఉండే స్రావం, 4.5 దాటిన పీహెచ్, నేను చెప్పిన చుక్క పరీక్ష, మైక్రోస్కోపులో అంచులు కనిపించకుండా బ్యాక్టీరియా అంటుకున్న కణాలు. నాలుగింట్లో మూడుంటే వేజినోసిస్. 1991లో న్యూజెంట్ స్కోరు వచ్చింది. స్లైడుకి రంగు వేసి మార్కులివ్వడం, 0 నుంచి 3 మామూలు, 7 నుంచి 10 వేజినోసిస్, మధ్యవి మధ్యరకం. దీనికి తోడు కలయికతో అంటే ట్రైకోమోనాస్, గనేరియా, క్లమిడియాలకి పరీక్షలు, ఫంగస్ కోసం స్లైడు. ఆ తర్వాత స్పెక్యులమ్, అంటే యోనిని తెరిచి పట్టే పరికరం, వేసి కళ్లతో చూడాలి. ఇది తప్పనిసరి.

ఎందుకు తప్పనిసరో రెండు సంగతులు చెప్తాను. ఒకావిడ నాట్ల రోజుల్లో వచ్చింది. మడిలో పక్కన నిలబడడానికి కూడా తోటివాళ్లు జంకుతున్నారని ఏడ్చింది. మూడు వారాలుగా సీసాలకి సీసాలు ఏవో మందునీళ్లతో కడుక్కుంటోంది. చూస్తే లోపల చిన్న గుడ్డపీలిక. నెలసరిలో పెట్టుకుని మరిచిపోయింది. తీసేశాం. రెండు రోజులకి నవ్వుతూ వచ్చింది, అరటిపళ్ల గెల తెచ్చింది కూడా. ఇంకొకావిడకి యాభై దాటాయి, ముట్లుడిగిపోయాయి. ఏడాదిపాటు వేపాకు నీళ్లతో కడుక్కుంది. వాసన వస్తోందని మనవణ్ణి దగ్గర పడుకోబెట్టుకోవడం మానేసిందట. అది గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. ఇద్దరికీ "ఇన్‌ఫెక్షన్ వల్ల కాని వాసన" అనే మాట అతికినట్టు సరిపోతుంది. ఆ డబ్బా మీద రాసింది వాళ్లిద్దరికీ వర్తిస్తుంది!

మూత్రం చుక్కలు పడడం, కాన్పు కష్టమై మూత్రాశయానికీ యోనికీ మధ్య పడిన కన్నం (ఫిస్టులా), గజ్జల్లో చెమట గ్రంథులు, తడి లంగాతో రోజంతా మడిలో ఉండడం, రొయ్యల షెడ్డులో ఒలుపు పనికెళ్లి ఆ బట్టలతోనే ఇంటికి రావడం. వాసనకి ఇన్ని దారులున్నాయి. వీటిలో చాలావాటికి లోపల కడిగితే ఒరిగేదేమీ లేదు, వాసన వచ్చేది లోపలినుంచి కాదు కదా.

మన ఏఎన్‌ఎం అమ్మాయిలకి ఇంకో సంగతి తెలుసు. తెల్లబట్ట అని ఎవరైనా వస్తే చాలాచోట్ల పరీక్ష లేకుండానే పచ్చ రంగు కిట్, కిట్ 2 ఇస్తారు. సెక్నిడజోల్, ఫ్లుకనజోల్ మాత్రలు. ల్యాబ్ లేని చోట అది తప్పని నేననను, లక్షణాన్ని బట్టి వైద్యం అనే పద్ధతి అది. కానీ ఆ పద్ధతిలో "నీకు ఇన్‌ఫెక్షన్ లేదు" అని మాత్రం ఎవరూ చెప్పలేరు. మరి మన దగ్గర ఆ డబ్బా కొనుక్కునే అర్హత ఎవరికుందో, దాన్ని నిర్ణయించే చోటేదో మీరే చెప్పండి.

ఇక పరికరం. ఇందులో పెద్ద మర్మమేం లేదు. ప్రకృతి వైద్యం తెలిసిన ఇళ్లల్లో ఎనిమా డబ్బా చూసుంటారు, దాదాపు అదే. ఒక రకం గోడకి తగిలించే సంచి, నీళ్లు బరువుకి కిందికి దిగుతాయి. రెండోది చేత్తో నొక్కే సీసా. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మీటరు ఎత్తున తగిలిస్తే గొట్టం చివర ఒత్తిడి, బీపీ మిషన్ లెక్కలో, సుమారు 74 వస్తుంది. అరమీటరు ఎత్తయితే అందులో సగం. ఎత్తు తెలిస్తే ఒత్తిడి తెలిసినట్టే. సీసాని ఎవరు ఎంత గట్టిగా నొక్కుతారో ఎవరికి తెలుసు? ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు, వాటితోపాటు సూక్ష్మజీవులు, గర్భసంచి ముఖద్వారం దాటి పైకి వెళ్తాయనేదే ఈ పద్ధతి మీద పాత భయం. అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో వైద్యానికి వాడే డూష్ పరికరం రెండో తరగతిలో ఉంటుంది. నీళ్లు వాటంతటవి కిందికి దిగే రకానికి మాత్రం అమ్మకానికి ముందు కంపెనీ ప్రభుత్వానికి ఇవ్వాల్సిన నోటిఫికేషన్ నుంచి మినహాయింపు ఇచ్చారు. మన దేశంలో 2017 వైద్య పరికరాల నిబంధనలు పరికరాల్ని అపాయాన్ని బట్టి, తక్కువ నుంచి ఎక్కువకి, ఏ, బీ, సీ, డీ అని విడదీశాయి.

కాబట్టి మనిషి దగ్గరికి తేకముందే బల్ల మీద చేయాల్సిన పరీక్షలున్నాయి. గొట్టం చివర ఒత్తిడి ఎంత, కన్నాలు చివరున్నాయా పక్కలనా, చివర కన్నముంటే ధార నేరుగా ముఖద్వారానికి తగులుతుంది కదా, ఎన్నిసార్లు వాడితే ప్లాస్టిక్ అంచు గరుకెక్కుతుంది. కొందరు గొట్టం స్టీలుతో చేసి, ఆ స్టీలే వాసన లాగేస్తుందంటారు. వెల్లుల్లి ఒలిచిన చేతులు స్టీలు గరిటెకి రుద్దితే వాసన పోతుందని మనవాళ్లూ అంటారుగా, అలాగన్నమాట. అదే ఆకారంలో ప్లాస్టిక్ గొట్టం కూడా చేసి, అవే నీళ్లతో, ఎవరికి ఏదిచ్చారో తెలియకుండా వాడించి చూస్తే తేలిపోతుంది. స్టీలు పనిచేసిందో, నీళ్లు పనిచేశాయో.

ఇంకోటి, నీళ్లు. క్లోరిన్ వేసిన పట్నం కుళాయి నీళ్లతో చేసిన పరీక్ష మనకి పూర్తిగా పనికిరాదు. ఎండాకాలం కాలవలు కట్టేస్తే మనవాళ్లు ఏ నీళ్లు వాడతారు? మంచినీటి చెరువులో అడుగుకి దిగిన నీళ్లు. సముద్రం వైపు పోతే బోరు నీళ్లు ఉప్పు. ఆ గొట్టం శ్రావణమాసంలో ఆరేదెప్పుడు? మా ఇంట్లో గోడలకే బూజు పడుతుంది. మనిషికి కనిపించకుండా బాత్‌రూమ్ చూరులో దాచిపెట్టిన తడి గొట్టం సంగతి చెప్పాలా? దాన్ని దాచిపెడతారు, అది ఖాయం.

మనుషుల మీద పరీక్షకి వస్తే, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పోటీకి ఎవర్ని పెట్టారన్నది. వందమందికి పరికరం ఇచ్చి, నెల తర్వాత "తగ్గిందా?" అంటే చాలామంది తగ్గిందనే అంటారు. ఎందుకంటే మనిషి పరీక్షకి వచ్చేదే వాసన బాగా ముదిరిన రోజున. దాని మానాన అదీ కొంత తగ్గుతుంది. పరీక్షలో చేరాక ఇంకాస్త శ్రద్ధగా స్నానం చేస్తుంది, బట్టలు మారుస్తుంది. డాక్టరమ్మ అడుగుతోందని ఒక మార్కు కలిపి చెప్తుంది. అందుకని చీటీలు తీసి విడగొట్టాలి. కొందరికి పరికరం, కొందరికి బయటివైపు మామూలు నీళ్లతో కడుక్కుని పొడి నూలు బట్ట కట్టుకోమనే సలహా మాత్రమే. రెండో గుంపుని పెట్టని పరీక్షని నేను నమ్మను. ఖర్చు లేని ఆ రెండో పద్ధతి దాంతో సమానంగా నిలిస్తే పరికరం ఎవడు కొంటాడు? అందుకే దాన్ని పెట్టడానికి వెనకాడతారు. డూష్‌కి డూష్‌నే పోటీ పెట్టి, నీళ్లది వినెగర్‌దానికన్నా మేలని తేలిస్తే, అది రెండు చెడ్డవాటిలో ఏది నయమో చెప్పినట్టు అవుతుంది.

వాసన పోయిందని చెప్పేదెవరు, ఇదింకా చిక్కు. వాసనకి థర్మామీటరు లేదు. సున్నా నుంచి పది వరకు ఆవిడనే మార్కు వేయమంటారు. మన ఇంటి వాసన మనకి తెలియదు, చుట్టం గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్తాడు. అలాగే సొంత వాసనకి ముక్కు అలవాటు పడిపోతుంది. దీనికి ఎదురు కూడా ఉంది. ఏ వాసనా లేనివాళ్లు ఉందని కుమిలిపోతారు. ఒకమ్మాయి పెళ్లైన కొత్తలో మొగుడు గొడవలో ఒక్కసారి అన్న మాటకి నాలుగేళ్లు టెన్షన్ పడింది. ఎన్నిసార్లు పరీక్షించినా అన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడ స్కోరు డూష్‌తో పదినుంచి రెండుకి పడితే, తగ్గింది వాసనా, భయమా? భయం తగ్గడం తక్కువ విషయమని కాదు. కానీ భయాన్ని పోగొట్టడానికి లోపల గొట్టం పెట్టక్కర్లేదు. అందుకని సొంత మార్కుతోపాటు వేరే కొలత ఉండాలి. వాడిన ప్యాడ్లకి నంబర్లు వేసి, ఎవరివో తెలియకుండా శిక్షణ ఉన్నవాళ్లతో వాసన చూపించొచ్చు, డియోడరెంట్ కంపెనీల్లో అలాంటి ఉద్యోగాలుంటాయి, నవ్వకండి, జీతాలిస్తారు. ఆవిరిలో ఉన్నవాటిని విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీ అనే ల్యాబ్ పద్ధతితో అమీన్ ఎంతుందో కొలవొచ్చు. పక్కనే పీహెచ్, న్యూజెంట్ స్కోరు రాస్తూ పోవాలి. వాసన తగ్గి న్యూజెంట్ స్కోరు పెరుగుతుంటే, చేప మీద నిమ్మకాయ పిండాం అంతే.

హాని లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. "ముప్పైమంది వాడారు, ఒక్కరికీ ఏమీ కాలేదు" అని రాస్తారు. వినడానికి బాగుంటుంది. గణితంలో ఒక తేలిక సూత్రం ఉంది: ఎవరికీ ఏమీ కాకపోతే, 3ని ఆ మనుషుల సంఖ్యతో భాగించండి. అసలు ప్రమాదం అంతవరకూ ఉండొచ్చు. ముప్పైమందిలో సున్నా అంటే పదిశాతం దాకా ఉండే వీలుంది. మూడొందలమందిలో సున్నా అంటే ఒక శాతం దాకా. రెండు నెలలు, ముప్పైమంది అనే పరీక్షతో గర్భసంచి, ట్యూబుల ఇన్‌ఫెక్షన్ గురించి ఏమీ తేలదు. గర్భంతో ఉన్నవాళ్ల దగ్గరికి ఈ పరికరం తేనేకూడదు.

ఇప్పటిదాకా ఉన్న పరిశోధనల్లో డూష్ వాడేవాళ్లలో వేజినోసిస్, ట్యూబుల ఇన్‌ఫెక్షన్, ట్యూబులో గర్భం ఎక్కువగా కనిపించాయి. అమెరికా గైనకాలజిస్టుల కాలేజీ అందుకే వద్దంటుంది. నేనూ వద్దనే అంటాను. అయినా నిజాయితీగా ఒక మాట చెప్పాలి. 1986 ఆగస్టు వరద మీలో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. గట్టు మీద ఇసుక బస్తాలు ఎక్కడ ఎక్కువ వేశాం? బలహీనంగా ఉన్నచోట. గండి ఎక్కడ పడుతుంది? అదీ అక్కడే. తర్వాత ఎవరో వచ్చి లెక్కలేసి "బస్తాలు వేసినచోటే గండ్లు పడ్డాయి, బస్తాల వల్లే పడ్డాయి" అంటే ఒప్పుకుంటామా? డూష్ కూడా వాసన ఉన్నవాళ్లే మొదలుపెడతారు. ఏది ముందో విడదీయడం చాలా పరిశోధనల్లో కుదరలేదు. అందుకే చీటీ తీసి చేసే పరీక్ష కావాలంటున్నాను. ఏ ద్రవంతో కడిగారన్నదానికీ తేడా ఉంది. ఉప్పునీళ్లు, పల్చటి వినెగర్ సూక్ష్మజీవుల్ని కాసేపు తగ్గిస్తాయి, మళ్లీ పెరుగుతాయి. అయొడిన్‌లాంటి క్రిమిసంహారకాలు మంచివాటినే ఎక్కువ చంపుతాయి. మన ఆడవాళ్లు వాడేది ఎక్కువగా ఆ రెండో రకం, గాయాలు కడిగే మందు. ఒకావిడ షెడ్డులో రొయ్యలు కడిగే క్లోరిన్ నీళ్లే వాడింది. మంటకి వారం రోజులు నడవలేకపోయింది.

దీనికి చరిత్ర కూడా ఉంది, క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో చార్లెస్ నోల్టన్ అనే డాక్టరు 1832లో గర్భం రాకుండా కలిశాక మందునీళ్లతో కడుక్కోమని పుస్తకం రాసి జైలుకెళ్లాడు. ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేసినందుకు 1877లో లండన్‌లో అనీబిసెంట్‌ని బోనెక్కించారు. అవును, మన మదనపల్లె కాలేజీ అనీబిసెంటే. తర్వాతి కాలంలో అమెరికాలో నేలలు కడిగే లైసాల్‌ని "స్త్రీల శుభ్రత" పేరుతో అమ్మారు. శుభ్రత అనేది పైమాట, కొనేవాళ్లకి అసలు అర్థం గర్భనిరోధం అని తెలుసు. దానికీ పనికిరాదు, ఒళ్లు మాత్రం కాలేది. భర్త దూరమవుతాడని భయపెట్టే ప్రకటనలు వేసేవాళ్లు. ఇప్పటి ఫోన్ ప్రకటన చూసినప్పుడు నాకు అవే గుర్తొచ్చాయి.

చివరగా, మనదగ్గర ఇలాంటి పరీక్ష పెడితే ఆశా అక్కలనే ముందు పంపుతారు. మీకు చెప్పాల్సింది ఉంది. గోదావరి ఒడ్డునే, భద్రాచలం వైపు, 2009లో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా, అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే టీకా, పరిశీలన జరిగింది. కొన్నిచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణమని తేలలేదు, కానీ సమ్మతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. టీకా మంచిదే, నేను వేయించమనే చెప్తాను. సంతకం సంగతి వేరు. రేపు మీరు "ఇక్కడ సంతకం పెట్టు పిన్నీ" అంటే ఆవిడ చదవదు, మీ మొహం చూసి పెట్టేస్తుంది. "వద్దంటే నీకు రావాల్సినవేవీ ఆగవు, మధ్యలో మానేయొచ్చు, ఇంట్లో చెప్పక్కర్లేదు" అని గట్టిగా చెప్పాకే కాగితం తీయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా అని మీరే అడగండి. అడిగే హక్కు మీకుంది.

ప్రశ్నలుంటే అడగండి. చీటీ మీద రాసిచ్చినా సరే.

(ఒక పెద్దావిడ: వేపాకు నీళ్లు కూడా వద్దంటావా అమ్మా? మా అత్తగారి నుంచి వస్తున్నదే.)

బయటివైపు కడుక్కోండి పిన్నిగారూ, నాకేం అభ్యంతరం లేదు. లోపలికి మాత్రం వద్దు. ఆయుర్వేదంలో కషాయాలతో యోని ప్రక్షాళన ఉంది, నిజమే. అది వైద్యుడు రోగాన్ని చూసి, ఇన్ని రోజులని చెప్పి చేయించేది. రోజూ స్నానంతోపాటు చేసుకోమని కాదు. కాన్పైన కొత్తలో అసలు వద్దు.

(ఒక విద్యార్థిని: మరి ఆ సీసా కొనాలా, వద్దా మేడమ్?)

వద్దు తల్లీ. వాసన రెండు వారాలకి మించి ఉంటే, లేదా దురద, మంట, రక్తం, పొత్తికడుపులో నొప్పి ఉంటే వచ్చి చూపించుకో. వేజినోసిస్ అయితే మెట్రోనిడజోల్ మాత్రలు వారం రోజులు. ఏమీ లేదని తేలితే, బయట మామూలు నీళ్లు, నూలు బట్ట, తడిబట్ట వెంటనే మార్చుకోవడం. లోపల పెరుగు పెట్టుకోమని వీడియోలొస్తున్నాయి, అదీ వద్దు. పెరుగు అన్నంలోకి.

(వెనక నుంచి ఒకాయన: డాక్టరుగారూ, మా చెరువు పీహెచ్ కిట్ దీనికి పనికొస్తుందాండి?)

మంచి ప్రశ్నే అడిగారు. పనికిరాదు, మీది ఎనిమిది చుట్టుపక్కల చూడ్డానికి తయారుచేసింది. దీనికి నాలుగు, అయిదు మధ్య తేడా పట్టే కాగితం కావాలి. అది కూడా నెలసరిలోనూ, కలిసిన మర్నాడూ చూస్తే తప్పు చెప్తుంది. కాగితాలు నా దగ్గరున్నాయి, మీ ఆవిడని తీసుకురండి. మీరు మాత్రం బయట బల్ల మీద కూర్చోవాలి.